దుబాసి లేని కచేరి

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము తలుపులు తెఱచుటకు ముందే విద్యార్థులు బారులు తీరి నిలుచుట హైదరాబాదు పురజనులకు క్రొత్త దృశ్యము కాదు. అశోక్‌నగరు వీధులలో శిక్షణశాలలు, అద్దెగదులు, పరీక్షల పుస్తకముల అంగళ్లు, రాత్రి పొద్దుపోవువఱకు ఆఱని దీపములు. తెలంగాణ జిల్లాలలోని ఉద్యోగార్థులందఱును ఈ రెండుమూడు పేటలలోనే కాపురమున్నారా యనిపించును. 2024 అక్టోబరులో గ్రూపు-1 ప్రధాన పరీక్షలను వాయిదా వేయవలెనని వీరు అశోక్‌నగరులో వీధికెక్కిరి. పరీక్షలు ఆగలేదు గాని వారి మాట రాజధానిలోని ప్రతి చెవినిబడెను. నిరుద్యోగికి పిడికెడు అన్నము లేకపోయినను గొంతు కలదు. ఆ గొంతు వినబడినంతకాలము అతడు పూర్తిగా నిస్సహాయుడు కాడు.

ఐతే పలుకు వినలేని, గొంతెత్తి పలుకలేని నిరుద్యోగి మాట యేమి? అతడును పట్టభద్రుడు కావచ్చును. అతనికిని వయస్సు మీఱుచున్నది. అతని తల్లిదండ్రులును ఎకరమో అరయెకరమో తాకట్టు పెట్టి చదివించియుందురు. ఈ పేటలలోని ఏ శిక్షణశాలలోనైనను అతడు వెనుకబల్లపై కూర్చుండినాడని యూహింపుడు. ఉపాధ్యాయుడు ఫలకమువైపు మొగము త్రిప్పి మాటలాడును. ఈతనికి పెదవులైనను కనబడవు. ఉద్యోగ సహాయ కార్యాలయమునకు పోయినచో కిటికీ వెనుక గుమాస్తా పేరు పెట్టి పిలుచును. వినబడదు, వంతు దాటిపోవును. మౌఖిక పరీక్షకు పోయినచో ముగ్గురు పెద్దలు ఒక్కసారిగా ప్రశ్నింతురు. తోడువచ్చిన అన్నగారు బదులు చెప్పును. అన్నగారి తెలివి పరీక్షింపబడును గాని తమ్ముని తెలివి కాదు. ఇది యొకని కథ కాదు. 2011 జనాభా లెక్కలలో వినికిడి లోపము గలవారు దేశమున 50 లక్షల 70 వేలకు పైబడి యున్నారు. అన్ని విధముల వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలు. అందు ఉమ్మడి ఆంధ్రప్రదేశమువారే సుమారు 22 లక్షల 66 వేలమంది. ఇంతమంది ఒక సంస్థానముగా నేర్పడియుండినచో దానికొక దివానును, ఒక రాజభాషయు ఉండియుండును.

చట్టము లేదని యెవరును అనజాలరు. 1995లో చేసిన వికలాంగుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు కేటాయించెను. దాని స్థానమున వచ్చిన 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19వ తేదినుండి అమలులోనికి వచ్చి, ఆ భాగమును నాలుగునకు తక్కువ కాకుండ పెంచెను. అందొక భాగము అంధులకును చూపు మందగించినవారికిని, ఒకటి బధిరులకును వినికిడి తగ్గినవారికిని, ఒకటి అవయవ వైకల్యము గలవారికిని, తక్కిన యొకటి బుద్ధిమాంద్యాది వైకల్యములు గలవారికిని బహువిధ వైకల్యములు గలవారికిని చెందవలెను. అంతేకాదు. సంభాషణమనగా నోటిమాట యొక్కటే కాదనియు, సంజ్ఞాభాషయు, బ్రెయిలీ లిపియు, స్పర్శచే తెలుపుటయు, పెద్ద అక్షరములును, సులభమైన వాడుకమాటలును సంభాషణ సాధనములే యనియు ఆ చట్టమే నిర్వచించినది. ఉద్యోగికి తగిన సౌకర్యములు కల్పించుట ప్రభుత్వ సంస్థల విధియని శాసించినది.

ఇంత మంచి శాసనమున ఒక చిన్న సందు కలదు. రిజర్వు చేసిన ఖాళీకి తగిన అభ్యర్థి దొరకనిచో దానిని మఱుసటి సంవత్సరమునకు జరుపవలెను. అప్పుడును దొరకనిచో తక్కిన వైకల్యములవారికి మార్చి యీయవచ్చును. ఆ మీదటను ఎవరును లేనిచో వైకల్యము లేనివారితో నింపవచ్చును. న్యాయమైన యేర్పాటుగానే కనబడుచున్నది. కాని ‘దొరకలేదు’ అను మాటను మనము నిదానించి చూడవలసియున్నది. ఎవరు వెదకిరి? ఏ భాషలో వెదకిరి? ప్రకటన అతనికి తెలియు రీతిగా ఉండెనా? దరఖాస్తులో సందేహము కలిగినప్పుడు అడుగుటకు ఫోను నంబరు తప్ప వేఱుదారి యుండెనా? మౌఖిక పరీక్షలో అతని మాటను సభ్యులకును, సభ్యుల మాటను అతనికిని అందించు దుబాసి యుండెనా? ఇవేవియు లేక ‘దొరకలేదు’ అని వ్రాసిన దస్త్రము, గడియ వేసిన తలుపు ముందు నిలిచి అతిథి రాలేదని చెప్పిన గృహస్థుని మాటవంటిది. హక్కు చట్టములో నున్నది. కాని ఆ హక్కునొద్దకు పోవు త్రోవ భాష. ఆ త్రోవ వేయనివారు హక్కును ఇచ్చినవారు కారు.

ఈ సంగతి తెలియుటకు హైదరాబాదు ఆంధ్రులకు పరదేశముల దృష్టాంతములు అక్కఱలేదు. 1921 నవంబరులో ఈ నగరమున వివేకవర్ధినీ రంగస్థలముపై నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగినది. మహర్షి కార్వే గారు అధ్యక్షులు. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడుటకు మొదలిడగా సభలో కొందఱు గేలిచేసి కూర్చుండబెట్టిరి. సంస్థానమున అత్యధిక సంఖ్యాకుల భాష ఆ సంస్థాన రాజధానిలోనే వినదగని భాష యయ్యెను! ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1928లో తెలుగుబాలికలకు తెలుగున చదువు చెప్పు పాఠశాలను నెలకొల్పిరి. నారాయణగూడలో వారి పేరున నేటికిని నిలిచియున్న విద్యాలయము అదియే. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలు ఆనాటి ఉద్యమమంతయు ఒక్కటే సత్యమును చాటినది: తన భాషలో అడుగలేనివాడు తన హక్కును అడుగలేడు. ఆ పాఠమును మనము మనకొఱకు నేర్చుకొంటిమి. అదే వీధులలో, అదే నారాయణగూడలో, చేతులతో మాటలాడు మన బిడ్డను చూచి నేడు మనమే ఆనాటి సభికులవలె ప్రవర్తించుచున్నామేమోనని ఆత్మపరీక్ష చేసికొనవలెను.

సైగలు భాష యగునా యని శంకించువారు కలరు. చేతులాడించి ఆకలిదప్పులు తెలుపుట వేఱు, సంజ్ఞాభాష వేఱు. భారతీయ సంజ్ఞాభాషకు తనదైన వ్యాకరణము కలదు. అది తెలుగునకు గాని హిందీకి గాని చేతిలిపి కాదు. అందు ప్రశ్నార్థక పదము వాక్యాంతమున వచ్చును. నిషేధమును చివరనే వచ్చును. కనుబొమల కదలికయు ముఖభంగిమయు మన విభక్తులవలె అర్థమును నిర్ణయించును. ప్రాంతమునుబట్టి కొన్ని పదములు మాఱినను వ్యాకరణము దేశమంతట ఇంచుమించు ఒక్కటే. 1880లో మిలాను నగరమున కూడిన ఉపాధ్యాయ మహాసభ బధిరుల పాఠశాలలనుండి సంజ్ఞలను వెడలగొట్టి, పెదవుల కదలికను చూచి నోటితో పలుకుటయే నేర్పవలెనని తీర్మానించినది. దాని ఫలితముగా నూఱేండ్లు బధిర బాలురు చదువునకు బదులు పలుకుటయే అభ్యసించిరి. 2010లో వాంకూవరున కూడిన అదే మహాసభ ఆ తీర్మానమునకు విచారము వెలిబుచ్చినది. మన దేశమున 2015 సెప్టెంబరులో ఢిల్లీ నగరమున భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము వెలసినది. 2018లో మూడువేల పదములతో మొదలైన దాని నిఘంటువు 2021 నాటికి పదివేల పదములకు పెరిగినది.

‘కాగితముపై వ్రాసి చూపిన చాలదా, దుబాసి యెందుకు?’ అని చదువుకొన్న పెద్దలే అడుగుచుందురు. చాలదు. పుట్టుకతో చెవుడు గల బిడ్డ చెవిని తెలుగు ఎన్నడును పడలేదు. ఉయ్యాల పాట వినలేదు, పెరటి గొడవ వినలేదు. మనము నోట నేర్చి పిమ్మట వ్రాయుచున్న భాషను అతడు కంటితో అక్షరములనుండియే మొదలిడి నేర్వవలెను. మన తెలుగో, ఒక్క అక్షరముతో అర్థము తలక్రిందులగు భాష. ‘చేయగలడు’ అన్నచో సామర్థ్యము. ‘చేయగలడా’ అన్నచో సందేహము. ‘చేయలేడు’ అన్నచో నిరాకరణము. పరీక్షాపత్రములో ‘ఈ క్రింది వానిలో సరికానిది ఏది?’ అని యుండును. సమాధానము తెలిసియు, ప్రశ్నలోని నిషేధము నొక్కదానిని జాఱవిడిచి మార్కు పోగొట్టుకొను బధిర విద్యార్థి అజ్ఞాని కాడు. పరభాషలో పరీక్ష వ్రాయుచున్నవాడు. మనకు జర్మను భాషలో ప్రశ్నపత్రమిచ్చి మన తెలివి తూచిన నొప్పుకొందుమా?

రాంనగరునకు ఈ ప్రశ్న ఎంత దగ్గఱదో పాఠకులు గమనింపవలెను. వికలాంగుల శక్తియుక్తులను పరీక్షించి, తగిన వృత్తిని సూచించి, శిక్షణము నిచ్చి, ఉద్యోగము చూపుటకై భారత ప్రభుత్వము వృత్తి పునరావాస కేంద్రములను నెలకొల్పినప్పుడు, 1968లో మొట్టమొదట స్థాపించిన రెండింటిలో ఒకటి బొంబాయికిని ఒకటి హైదరాబాదునకును వచ్చినవి. మన కేంద్రము రాంనగరును ఆనుకొనియున్న విద్యానగరులోనిది. తరువాతి కాలమున దానికి వికలాంగుల జాతీయ వృత్తిసేవా కేంద్రమని పేరు మాఱినది. సికిందరాబాదు మనోవికాసనగరులో బుద్ధిమాంద్యము గలవారి జాతీయ సంస్థ యున్నది. వినికిడి వైకల్యములకై బొంబాయిలో 1983లో నెలకొల్పిన జాతీయ సంస్థయొక్క దక్షిణ శాఖయు అచటనే కలదు. ఆ సంస్థకు పెట్టిన పేరు ఎవరిదో కాదు, హైదరాబాదు బిడ్డడు, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడు, మహారాష్ట్ర గవర్నరు నైన అలీ యావర్ జంగుగారిది. ఇన్ని సంస్థలు ఇంత చేరువనున్న నగరము దక్షిణాపథమున అరుదు. ఒకవంక ఉద్యోగార్థుల పేట, ఒకవంక వృత్తిసేవా కేంద్రము, ఒకవంక వినికిడి శాస్త్రజ్ఞుల సంస్థ. ఈ మూడింటిని కలుపు వంతెన దుబాసీల వ్యవస్థ. అది నిలుకడగా లేనిచో తక్కినవెన్ని యున్నను ప్రయోజనము సగమే.

దుబాసి యను మాట మనకు కొత్తది కాదు. కుంఫిణీవారు చెన్నపట్టణమున దుబాసి లేనిదే మిరియము కొనలేదు, పన్ను వసూలు చేయలేదు. లాభమునకు దుబాసిని పెట్టుకొన్నవారిని చూచితిమి. న్యాయమునకు పెట్టుకొనవలసిన సమయ మిది. 2023 సెప్టెంబరులో ఒక బధిర న్యాయవాదిని సుప్రీంకోర్టులో సంజ్ఞాభాషా దుబాసి ద్వారమున తన వ్యాజ్యమును వినిపించినది. దేశపు అత్యున్నత న్యాయస్థానమున సాధ్యమైనది మండల కార్యాలయమున అసాధ్యమగుట యేల?

ఐతే దుబాసిని పిలిపించుట వేఱు, దుబాసీల సేవను నిర్వహించుట వేఱు. మొదటిది దయ, రెండవది పరిపాలన. దయ ఒకనాడుండును, మఱునాడుండదు. పరిపాలనకు పద్ధతి కలదు. మొట్టమొదట, పేరు నమోదు చేయునాడే ‘మీ సంభాషణ భాష ఏది?’ అని ఒక గడి దరఖాస్తులో నుండవలెను. అడుగనిదే అవసరము తెలియదు. తెలియనిదే ఏర్పాటు జరుగదు. రెండవది, పునరావాస మండలి గుర్తించిన చదువు చదివిన దుబాసీల పట్టికను జిల్లాకొకటి సిద్ధపఱచి, వారికి గంటకింత యని న్యాయమైన వేతనము నిర్ణయింపవలెను. గంటలకొలది జరుగు శిక్షణమునకు ఒక్కరు చాలరు. అర్ధగంట గడచునప్పటికి మనస్సును చేతులును అలసి తప్పులు దొర్లును గావున ఇద్దఱు వంతులు మార్చుకొనుట లోకమంతటను ఆచారము. పాఠమును గాని ప్రశ్నావళిని గాని ముందుగా వారి కందీయవలెను. మూడవది ధర్మము: దుబాసి చెప్పినదంతయు చెప్పవలెను, చెప్పనిది చేర్పరాదు, విన్నది వెలిపుచ్చరాదు. ఈ నియమము తల్లికిని అన్నకును సాధ్యము కాదు. వారు ప్రేమచే దాతురు, భయముచే మార్తురు, తొందరచే తామే బదులిత్తురు. కావున బంధువును దుబాసిగా పెట్టుకొనుట కార్యాలయమునకు చౌక; అభ్యర్థికి మాత్రము చాల ఖరీదు.

నాలుగవది సొమ్ము ఎవరిదను ప్రశ్న. అభ్యర్థిచేత ఇప్పించుట అన్యాయము. ఆ యొక్క యజమానిచేతనే పూర్తిగా ఇప్పించినచో చిన్నవాడు ‘ఈ బధిరుని చేర్చుకొన్న అదనపు వ్యయము’ అని వెనుకాడును. ఇంగ్లండున 1994లో మొదలైన పథకము క్రింద ఉద్యోగములో అవసరమగు దుబాసి వేతనమును ప్రభుత్వమే భరించుచున్నది. అమెరికాలో 1990 జూలై 26 నాటి చట్టము ఆ భారమును మోయరాని కష్టము కానంతవఱకు యజమానిపై నుంచినది. మనవంటి దేశమున, చిన్న దుకాణములును చిన్న కర్మాగారములును అధికముగా నున్నచోట, మొదటి మార్గమే మేలని మా యభిప్రాయము. జిల్లాకొక ఉమ్మడి నిధి యుండవలెను. దానికి బడ్జెటులో వేఱు పద్దు ఉండవలెను. పద్దు లేని వాగ్దానము సభలో చప్పట్లకు పనికివచ్చును గాని కచేరిలో సంతకమునకు పనికిరాదు. ఐదవది, ఉద్యోగమిచ్చుటతో బాధ్యత తీఱదు. మొదటి వారమున పని నేర్పునప్పుడు, యంత్రముల యపాయములు బోధించునప్పుడు, నెలకొక సమావేశము జరుగునప్పుడు భాష మఱల అవసరమగును. ఈ సమయములలో గోడవలె నిలుచున్నవాడు పదోన్నతి నాటికి గోడగానే పరిగణింపబడును. చివరది, ఈ సేవ యెట్లు జరిగినదో తీర్పుచెప్పు సంఘమున బధిరులే సభ్యులుగా నుండవలెను. చెప్పు ఎక్కడ కఱచుచున్నదో తొడిగినవానికే తెలియును.

దుబాసీలు చాలినంతమంది లేరను ఆక్షేపణలో నిజము కలదు. కాని నిలుకడయైన జీతము లేని వృత్తిలోనికి యువకులు రారు. యువకులు రానందున దుబాసీలు లేరు. దుబాసీలు లేరని పద్దు పెట్టరు. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట ఛేదింపవలెను, ప్రభుత్వమే ఛేదింపగలదు. బధిర దంపతుల బిడ్డలు అనేకులు ఈ భాషను ఉగ్గుపాలతో నేర్చినవారు; వారికి శిక్షణమును పట్టమును ఇచ్చినచో రేపటికే కొందఱు సిద్ధమగుదురు. దూరపు పల్లెలకు ఫోను తెరపై దుబాసిని చూపవచ్చును. యంత్రము తనంతట మాటను అక్షరములుగా మార్చు సాధనములును వచ్చినవి గాని, తెలుగున అవి పొరపడుట అందఱికిని అనుభవమే. ఉద్యోగ నిర్ణయమును అట్టి యంత్రమునకు వదలుట క్షేమము కాదు.

భాషాసౌకర్యము బధిరుల యొక్కరి ప్రశ్న కాదు. ఉద్యోగ ప్రకటనను కాగితముపై అచ్చొత్తి, దాని ఛాయాచిత్రమును కంప్యూటరులో పెట్టినచో అంధుని చదువరి యంత్రము దానిని చదువలేదు. అదే ప్రకటనను అక్షరరూపమున పెట్టినచో చదువగలదు. దీనికి అయ్యెడు వ్యయము దాదాపు శూన్యము. 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు వ్రాయసకాని సాయము కోరువారికి గంటకు ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలము నీయవలెనని తెలిపినవి. వ్రాతకు చేయి సహకరింపని ఒక అభ్యర్థికి వ్రాయసకాని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తగిన సౌకర్యము కృప కాదు, సమానత్వములో భాగమని ఆ తీర్పు సారాంశము.

ఇక మన పాఠకుల వంతు. ప్రభుత్వమును హెచ్చరించి మనము నిద్రపోవుట తగదు. అశోక్‌నగరులో, చిక్కడపల్లిలో ఇండ్లు కట్టించి చదువరులకు అద్దెకిచ్చినవారు మనలో కలరు. గదికొక గంటతోపాటు వెలుగు సూచిక పెట్టించుట వారికి కష్టము కాదు. శిక్షణశాలలు నడుపువారు పాఠములను అక్షరరూపమున అందీయవచ్చును. పదిమంది బధిర విద్యార్థులు చేరినచో దుబాసిని కుదుర్చవచ్చును. ఇరువదిమంది పనివారున్న ప్రతి ప్రైవేటు సంస్థయు తన సమానావకాశ విధానములో సౌకర్యములను, తగిన కొలువులను, ఎన్నిక పద్ధతిని ప్రకటించి, ఒక అనుసంధానాధికారిని నియమింపవలెనని 2017 నాటి నిబంధనలు విధించుచున్నవి. మన మిల్లులలో, మన దుకాణములలో ఆ పత్రము ఎందఱు వ్రాసిరో ఎవరికి వారే చూచుకొందురు గాక. పల్లెలోని భూస్వాములకు ఒక్క మనవి: చేలో, దొడ్డిలో చెవిటి బిడ్డ పశువులవెంట తిరుగుచుండగా ‘వీనికి చదువేల’ అని ఊరకుండకుడు. భాష నేర్వవలసిన యీడు దాటినచో పదివేల పదముల నిఘంటువును అతని కందని ద్రాక్ష యగును. ఇరువది యేండ్ల తరువాత కచేరిలో ‘దొరకలేదు’ అని వ్రాయబడు దస్త్రమునకు మొదటి సంతకము ఊరి మొదటనే పడుచున్నది.

నూఱేండ్ల క్రింద ఈ నగరమున తెలుగువాని నోరు మూయించినప్పుడు మనము జాలిని కోరలేదు, స్థానమును కోరితిమి. నేడు బధిర యువజనులు కోరునదియు అదియే. వారికి నాలుగు ఉద్యోగములు విసరివేసినందున ఋణము తీఱదు. వారి మాటను మనము వినుటకు ఏర్పాటు చేసికొన్ననాడే తీఱును. వినలేనివాడు వారిలో నున్నాడని ఇన్నాళ్లు తలంచితిమి. కచేరి ద్వారమున దుబాసి లేనంతకాలము చెవుడు కచేరిదే గాని అభ్యర్థిది కాదు.